రోగానికి పేరెందుకు?

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిలుచున్నచోటే కూలిపోవడం మొదలైంది. నోటి వెంట నురగ, మూడు నుంచి ఐదు నిమిషాల ఫిట్స్, ఆపైన తలనొప్పి, వాంతులు, కాసేపటికి తేరుకుని ఏం జరిగిందో తెలియక చుట్టూ చూడటం. పిల్లలకూ అదే, పెద్దలకూ అదే. ఒకే ఇంట్లో ఒకరు పడిపోతే పక్కనున్నవారికి ఏమీ కాలేదు. అప్పటికి తొమ్మిది నెలలుగా లోకమంతా ఒక్క రోగం పేరే జపిస్తోంది కనుక అందరి నోటా మొదట వచ్చిన ప్రశ్న ‘కరోనాయేనా?’ అన్నదే. కాదన్నాయి పరీక్షలు. డెంగీ, మెదడువాపు వంటి తెలిసిన వైరస్‌లేవీ దొరకలేదు. మర్నాడు ఒకరు చనిపోయారు. పది రోజులు తిరిగేలోగా ఆస్పత్రికి చేరినవారు ఆరు వందలు దాటారు. పత్రికలు దానికి ‘వింత వ్యాధి’ అని పేరు పెట్టాయి. అంటే పేరు లేదనడానికే ఒక పేరు. ఆ ఏడాది ఒక రోగం చుట్టూ వందల మాటలు పుట్టాయి. ఆసింప్టమాటిక్, క్వారంటైన్, కంటైన్‌మెంట్, కోమార్బిడిటీ, హెర్డ్ ఇమ్యూనిటీ. సరిగ్గా ఆ నడుమనే, కొల్లేరు సరస్సుకు దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో, ఒక్క మాటకూ లొంగని రోగం వచ్చి నిలబడింది.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పాత తాత్విక ప్రశ్న ఒకటి కొత్తగా లేస్తుంది. పేరు తెలిస్తే వస్తువు తెలిసినట్టేనా? మన వేదాంతం జగత్తును నామరూపాలని రెండు ముక్కల్లో చెప్పి, ఆ రెంటినీ నమ్మి మోసపోవద్దని హెచ్చరించింది. అలాగని పేరు లేకుండా లోకవ్యవహారం ఒక్క పూట నడవదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తా మీద రాసింది చదివి ఎవరూ బేరం ఖాయం చేయరు, మూతి విప్పి చేతిలోకి తీసుకుని చూస్తారు. అలా అని ఏ బస్తా ఎవరిదో రాయకపోతే మార్కెట్టే సాగదు. రోగాల పేర్లూ, వాటి చుట్టూ చేరిన వైద్యపు మాటలూ ఇలాంటి బస్తాల మీది రాతలే. మహమ్మారి కాలంలో ఒక మాటను అర్థం చేసుకోవడమంటే మూడు సంగతులు తెలియడం అని నా వాదన. అది దేన్ని చూసి పెట్టిన పేరు, ఎంతవరకు తెలిసి పెట్టిన పేరు, విన్నవాణ్ణి ఏం చెయ్యమంటున్న పేరు. ఈ మూడూ తెలియని మాట మన నోట్లో మంత్రమైనా అవుతుంది, శాపమైనా అవుతుంది. మాట మటుకు కాదు.

ముందు, పేరు లేకపోవడం గురించి. చరక సంహిత సూత్రస్థానం పద్దెనిమిదో అధ్యాయంలో వైద్యుడికి ఒక అభయం ఉంది. ఎదురుగా ఉన్న రోగానికి పేరు చెప్పలేకపోయినంత మాత్రాన అతడు సిగ్గుపడనక్కరలేదు, ఎందుకంటే అన్ని రోగాలకూ స్థిరమైన పేర్లు లేనే లేవు. ఏ దోషం, ఎక్కడ, ఏ కారణంతో కోపించిందో తెలుసుకుని వైద్యం మొదలుపెట్టాలన్నది దాని సారం. ఏలూరులో జరిగింది అదే. ఫిట్స్‌కు మందు పడింది, పడిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లోనే ఇళ్లకు వెళ్లారు. ఆ పక్కన నమూనాలు మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్‌లకూ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థలకూ వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఒక కబురు వచ్చింది. డిసెంబరు మధ్యకల్లా నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి దీర్ఘకాల పరిశీలన కావాలన్నారు. ఈ వరసలో ఎక్కడైనా ఎవరో ఒకరు తొందరపడి కొత్త వైరస్ అని ప్రకటించి ఉంటే ఏమయ్యేది? ఆ వీధులకు ముళ్లకంచెలు పడేవి, పరిశీలన గొంతులకూ ముక్కులకూ వెళ్లేది, కూరగాయల బుట్టనూ నీళ్ల బిందెనూ చూసేవాళ్లుండేవారు కాదు. ‘వింత వ్యాధి’ అన్నది వెక్కిరించదగిన పేరు కాదు. తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న నిజాయతీ గల పేరు.

ఇక మన దగ్గర పాతకాలం నుంచీ ఉన్న పేర్లు. పాండెమిక్‌కు తెలుగులో స్థిరపడ్డ మాట మహమ్మారి. అది అమ్మవారి పేరు. దేవీమాహాత్మ్యంలో మహామారి ఆమె రూపాల్లో ఒకటి. మశూచిని మన ఊళ్లు రోగం అనలేదు, అమ్మవారు పోసిందన్నాయి. ఆటలమ్మను చిన్నమ్మవారు అన్నాయి. ఏలూరు పాతవీధులు ఏడేళ్లకొకసారి గంగానమ్మకు జాతర చేస్తాయి. కొల్లేటికోటలో ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ దగ్గరికి పడవల మీదా బళ్ల మీదా జనం వస్తారు. అమ్మవారు అన్న పేరుకు కారణజ్ఞానం లేదు, కానీ ఆచారం ఉంది. గుమ్మానికి వేపమండలు కడితే బయటివాళ్లు లోపలికి రారు. రోగిని వేరే గదిలో పడుకోబెడతారు, చలవ చేసేవి పెడతారు, కసురుకోరు. ఎందుకంటే ఆ ఒంట్లో ఉన్నది అమ్మ. రోగిని అసహ్యించుకోకుండా దూరం పాటించడమనే కష్టమైన పనిని ఒక్క పేరు చేయించింది. అయితే ఇది పాతను పొగడటానికి చెప్పడం లేదు. అదే పేరు టీకాకు అడ్డుపడ్డది కూడా. అమ్మకు కోపం వస్తుందని పిల్లల్ని దాచిన ఇళ్లున్నాయి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకంలో లేదని ప్రకటించిందంటే అది ఉపశాంతి పూజల ఫలం కాదు, టీకా ఫలం. ఆ పేరులో మూడో సంగతి ఉంది, ఏం చెయ్యాలో కొంత చెప్పింది. మొదటి రెండూ లేవు. ఇంకో చిక్కు చూడండి. పాండెమిక్ అన్న మాట వ్యాప్తిని మాత్రమే చెబుతుంది. రోగం దేశాలు దాటి ఎంతమేరకు పాకిందన్న లెక్కే తప్ప ఎంత భయంకరమో అందులో లేదు. మహమ్మారి అన్నది వ్యాప్తి సంగతి చెప్పదు, భయాన్ని చెబుతుంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడింది లెక్కల మాట. మన చెవికి చేరేసరికి అది గుండెలదిరే మాట అయింది.

తప్పు కారణం మోస్తున్న పేర్లు ఆధునిక వైద్యంలోనూ లేకపోలేదు. మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి. అది గాలి వల్ల కాదు, దోమ వల్లనని నిరూపించే ఆధారాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో చూశాడు. అయినా పేరు మారలేదు. మారనవసరం లేకపోయింది, ఎందుకంటే పేరు వెనకాల ఉన్న జ్ఞానం మారింది. పేరు పాతదే ఉండి జ్ఞానం కొత్తదైతే నష్టం లేదు. పేరు కొత్తదై జ్ఞానం పాతదిగా ఉండిపోతేనే ప్రమాదం. వైరస్ విషయంలో మనకు జరిగింది ఇదే. లాటిన్‌లో ఆ మాటకు విషం అని అర్థం. మన పత్రికలు విషజ్వరాలు అని రాయడం అనుకోకుండా మూలానికి దగ్గరగా ఉంది. కానీ వైరస్ అనగానే పురుగు, పురుగు అనగానే పురుగుల్ని చంపే యాంటీబయాటిక్ అన్న పాత వరస మన మనసుల్లో మారలేదు. జ్వరం వచ్చిన ప్రతి ఇంటా అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ బిళ్లలు తిరిగాయి. ఆ డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల వంశానికి చెందింది. ఆ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచి. బాక్టీరియా మీద గెలిచిన ఆయుధమది. బాక్టీరియా తనంతట తాను బతికే జీవి, వైరస్ మన కణంలో చొరబడితే తప్ప బతకలేనిది. ఒకదాని మందు రెండోదానికి తగలదు. రెండు మాటల మధ్య ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని బిళ్లలు మిగిలేవో ఊహించుకోవచ్చు. అలా వృథాగా మింగిన బిళ్ల ఊరికే పోదు, మందుకు లొంగని బాక్టీరియాను పెంచి రేపటి రోగికి బాకీ పెట్టి పోతుంది.

రెండో సంగతి, అంటే ఎంతవరకు తెలుసన్నది, పాజిటివ్, నెగటివ్ అన్న జంటలో బాగా కనిపిస్తుంది. మంచిమాటగా బడిలో నేర్చుకున్న పాజిటివ్ ఆస్పత్రిలో దుర్వార్త అయింది. అది భాషలో చిన్న వింత, దాటేయవచ్చు. నెగటివ్‌తోనే అసలు పేచీ. నెగటివ్ వచ్చింది కనుక రోగం లేదని మాస్కు తీసేసి పెళ్లికి వెళ్లినవారి తర్కంలో దోషమెక్కడ? మీమాంసకుడు కుమారిల భట్టు మతం వారూ అద్వైతులూ అనుపలబ్ధిని ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. వస్తువు కనబడకపోవడం వల్ల అది లేదని తెలుసుకోవడం. కానీ వెంటనే ఒక షరతు పెట్టారు. ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి ఉన్నప్పుడే ఆ కనబడకపోవడం ప్రమాణం. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, దీపం లేదని. కొల్లేటి జాలరికి ఈ శాస్త్రం చెప్పనక్కరలేదు. పెద్దకన్ను వల వేసి చిన్న పరిగెలు పడలేదని సరస్సులో పరిగెలే లేవనడు, వలకన్ను చూస్తాడు. ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష పెద్దకన్ను వల, ఆర్టీపీసీఆర్ చిన్నకన్ను వల. లక్షణాలుండి యాంటిజెన్‌లో నెగటివ్ వస్తే మళ్లీ ఆర్టీపీసీఆర్ చేయించాలని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది అందుకే. నెగటివ్ అన్న మాటకు పూర్తి అర్థం ఇది: ఈ రోజు తీసిన ఈ నమూనాలో, ఈ పరీక్షకు దొరకలేదు. ఏలూరులోనూ వైరస్ పరీక్షలన్నీ నెగటివ్ రావడాన్ని నిపుణులు ‘ఏమీ లేదు’ అని చదవలేదు. ‘మనం వెతుకుతున్న చోట లేదు’ అని చదివి వేరే చోట వెతికారు. నెగటివ్‌ను చదవవలసిన తీరు అది.

మూడో సంగతి దగ్గర మీమాంసకులు పనికొస్తారు. వేదవాక్యాలను వాళ్లు విధి అనీ అర్థవాదం అనీ విడదీశారు. ఫలానా పని చెయ్యమనేది విధి. ఆ పని మీద మనసు పుట్టించడానికి పొగిడేదో భయపెట్టేదో అర్థవాదం. మహమ్మారి కాలంలో టీవీ తెర మీద పరుగెత్తిన అంకెలన్నీ అర్థవాదం, వాటి నడుమ క్వారంటైన్, ఐసొలేషన్ అన్నవి విధులు. ఆ రెండు విధులనూ మనం ఒకటే అనుకున్నాం. రోగం వచ్చినవాణ్ణి వేరుగా ఉంచడం ఐసొలేషన్. రోగికి తగిలి ఉండి, తనకు వచ్చిందో లేదో ఇంకా తెలియనివాడు కొన్నాళ్లు వేరుగా ఉండటం క్వారంటైన్. వెనిస్ రేవులో ఓడలను ఆపిన నలభై రోజుల లెక్క నుంచి పుట్టిన మాట అది. అందులో నాకు విలువైనదిగా కనబడేది గడువు. దూరానికి ముగింపు ఆ పేరులోనే ఉంది. మన పురుటికీ మైలకూ గడువుంది, పదకొండో రోజు స్నానంతో మనిషి మళ్లీ మనుషుల్లోకి వస్తాడు. గడువు లేని దూరం కూడా మన దగ్గరే ఉంది, దాని పేరు అంటరానితనం. అంటురోగంలోని అంటూ ఆ అంటూ ఒకటే. అందుకే సోషల్ డిస్టెన్స్‌ను సామాజిక దూరం అని తెలుగు చేసినప్పుడు తెలిసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2020 మార్చిలోనే భౌతిక దూరం అనడం మేలని చెప్పింది. మన ఊళ్లలో దూరానికి ‘సామాజిక’ అని తగిలిస్తే అది కొత్త వైద్యం కాదు, పాత రోగం. కోలుకున్నవాడికి ఇల్లు అద్దెకివ్వకపోవడం, పోయినవారి శవాన్ని ఊరి శ్మశానంలోకి రానివ్వకపోవడం, ఇవన్నీ గడువు చెరిగిపోయిన దూరాలు. గడువున్న దూరం వైద్యం, గడువు లేని దూరం అన్యాయం. ఆ తేడా చెప్పలేని అనువాదం వ్యాకరణపు తప్పు కాదు, ధర్మపు తప్పు.

ఊరి పేరు రోగానికి అంటగట్టడం కూడా గడువు లేని దూరమే. స్పానిష్ ఫ్లూ స్పెయిన్‌లో పుట్టలేదు. యుద్ధకాలపు పత్రికా నిర్బంధం లేని ఆ దేశం నిజం రాసుకున్నందుకు నూరేళ్ల నింద మోసింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊళ్లు, మనుషులు, జంతువుల పేర్లు కొత్త రోగాలకు పెట్టవద్దని నియమం చేసింది. వైరస్ మార్పులకు 2021 మే చివర గ్రీకు అక్షరాలు వచ్చింది ఆ ఆలోచనతోనే. అదే నెలలో మన దగ్గర ఎన్440కె అన్న మార్పును ఏపీ స్ట్రెయిన్ అని ప్రచారం చేశారు. దాని ప్రాబల్యం అప్పటికే తగ్గిపోతోందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పవలసి వచ్చింది. ఏలూరు కూడా దేశపత్రికల్లో ఒక జబ్బు పేరుకు విశేషణమైంది. తివాచీలతో తెలిసిన ఊరు అనుమానంతో తెలిసింది.

నా వాదనకు వచ్చే మొదటి ఆక్షేపణ సహేతుకమైనదే. ఈ తర్కమంతా మామూలు మనిషికెందుకు? వైద్యుడు ఆప్తుడు, ఆప్తవాక్యం ప్రమాణం, చెప్పింది చేస్తే చాలదా? చాలు, ఆప్తుడెవరో తేల్చుకోగలిగితే. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి లక్షణం చెప్పాడు. విషయాన్ని స్వయంగా ఎరిగినవాడై, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక గలవాడు. ఆ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. కులం, కాషాయం, తెల్లకోటు, టీవీ కుర్చీ ఇవేవీ ఆప్తత్వాన్ని ఇవ్వవు. మహమ్మారి నాళ్లలో వాట్సాప్‌లో వచ్చిన ప్రతి సలహా ఏదో ఒక డాక్టరు పేరుతోనే వచ్చింది. నాలుగు మాటల హద్దులు తెలిసిన శ్రోతకే ఎరిగినవాడూ ఎరిగినట్టు నటించేవాడూ వేరుగా కనబడతారు. నమ్మకం వద్దని కాదు. నమ్మకానికి కళ్లుండాలని.

రెండో ఆక్షేపణ భక్తుడిది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఆయుర్దాయం ముందే రాసి ఉంది, రోగం కర్మఫలం, ఇక మాటలు నేర్చి ఏం సాధిస్తాం? ఈ ప్రశ్నకు జవాబు బయటి శాస్త్రాల్లో వెతకనక్కరలేదు. చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం గురించిన అధ్యాయం ఉంది. ఊళ్లకు ఊళ్లు ఒక్కసారి నాశనమవడం గురించి. ఆయువంతా నియతమే అయితే దీర్ఘాయువు కోరేవాడు మంత్రాలూ మందులూ ఎందుకు వాడతాడు, మదపుటేనుగు ఎదురొస్తే ఎందుకు తప్పుకుంటాడు అని అక్కడ గురువు ఆత్రేయుడు అడుగుతాడు. బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు తగిన బరువుతో, మంచి దారిలో నడిస్తే తన కాలానికి అరిగిపోతుంది. మోయలేని బరువు వేసినా, గతుకుల్లో తోలినా నడుమ విరిగిపోతుంది. మనిషి ఆయువూ అంతే. కర్మ ఉందని నమ్మేవాడికి కూడా పురుషకారం, అంటే తన ప్రయత్నం, చేతిలోనే ఉంది, దారి చూసి తోలడం అతని పనే.

మూడో మాట: ఇవన్నీ తెలిస్తే భయం ఎక్కువవుతుంది, తెలియకపోవడమే సుఖం అంటారు. భయం తెలిసినదాన్ని చూసి పుట్టదు, సగం తెలిసినదాన్ని చూసి పుడుతుంది. వైరస్ సోకడం వేరు, కొవిడ్ అన్న జబ్బు పడటం వేరు. సోకినవారిలో కొందరికి జబ్బు రానే రాదు, వచ్చినవారిలో ఎక్కువమందికి తేలిగ్గా పోతుంది. ఈ రెండు మాటలూ ఒకటేననుకున్నవాడికి పాజిటివ్ కాగితం మరణవార్తలా కనబడుతుంది. విడదీయగలిగినవాడికి అది పడక ఎక్కడ వేసుకోవాలో, పల్స్ ఆక్సీమీటరులో అంకె ఎంతకు తగ్గితే ఆస్పత్రికి బయల్దేరాలో చెప్పే కాగితం.

ఆ విమానస్థానపు అధ్యాయానికి తిరిగి వస్తాను, ఎందుకంటే ఏలూరు అక్కడే ఉంది. మనుషుల ఒళ్లు వేరు, తిండి వేరు, వయసు వేరు, మరి ఒకే రోగం ఒకేసారి అందర్నీ ఎలా పట్టుకుంటుందని ఆత్రేయుడి శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు. అందరికీ ఉమ్మడిగా ఉండేవి నాలుగు, గాలి, నీరు, నేల, కాలం. అవి చెడితే ఊరు చెడుతుందని జవాబు. వాటిని చెడగొట్టేది అధర్మం, దానికి మూలం ప్రజ్ఞాపరాధం, అంటే బుద్ధి తప్పి చేసే తప్పు. 2020 డిసెంబరులో నిపుణులు ఏలూరులో నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం పరీక్షకు తీసుకున్నప్పుడు వెతికింది ఆ ఉమ్మడి దారినే. ఈ ఊరికి ఉమ్మడివి ఎన్నో. కృష్ణా గోదావరి కాలువలు ఇక్కడ కలుస్తాయి. తమ్మిలేరు, బుడమేరు ఎగువ పొలాల నీళ్లన్నీ తెచ్చి కొల్లేట్లో పోస్తాయి, ఆ నీళ్లు సముద్రం చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు చుట్టూ చేపల చెరువులూ వరిపొలాలూ ఉన్నాయి. చల్లిన ఏ మందూ ఎవరి గట్టు దగ్గరా ఆగదు. ఏలూరు రోగం కొల్లేటి నుంచి వచ్చిందని అనడం లేదు, అలా అంటే నేను ఇంతవరకు తప్పుపట్టిన తొందరపాటే అవుతుంది. ఉమ్మడి వస్తువుల మీద కన్ను వేసి ఉంచకపోతే రేపటి రోగానికి పేరు కూడా దొరకదనే చెబుతున్నాను.

పాఠకుడికి ఒక విన్నపం. ఈసారి కొత్త రోగమో కొత్త మాటో ఊళ్లోకి వస్తే దాన్ని పక్కింటికి మోసే ముందు ఆశా కార్యకర్తనో పీహెచ్‌సీ డాక్టరునో మూడు ప్రశ్నలు అడగండి. దేన్ని చూసి ఈ పేరు పెట్టారు? ఎంతవరకు తెలుసు? ఎన్నాళ్లు, ఏం చెయ్యాలి? మూడోదానికి గడువుతో సహా జవాబు రాబట్టండి. రెండోదానికి ‘ఇంకా తెలియదు’ అన్న జవాబు వస్తే ఆ మనిషిని నమ్మండి. ఏలూరులో ఆ డిసెంబరు రోగాన్ని జనం ఇప్పటికీ వింత వ్యాధి అనే పిలుస్తున్నారు. ఆ పేరు మార్చగలిగేది నిఘంటువు కాదు, ఆ ఊరి నీళ్లనూ కూరగాయలనూ ఏటేటా, రోగం లేనప్పుడు కూడా, పరీక్షించే ప్రయోగశాల.